90ల జె-పాప్: స్వర్ణయుగమా, టీవీవాళ్ల వ్యాపారమా?

కాసెట్_కాలం:
జె-పాప్ అంటే జపాన్ పాప్ పాటలు. అక్కడ సీడీల అమ్మకాలు శిఖరానికి చేరింది 1998లో. భూముల ధరలు, షేర్లు అంతకు ఎన్నో ఏళ్ల ముందే కుప్పకూలాయి, జనం మాత్రం పాటలు ఎగబడి కొన్నారు. ఇది చూపించి ‘స్వర్ణయుగం’ అనేవాళ్లతోనే నా పేచీ. ఆ పాటల్ని అమ్మిపెట్టింది టీవీ. డ్రామాకో (అక్కడి టీవీ సీరియల్), కూల్‌డ్రింక్ యాడ్‌కో పాటను జతచేసేవాళ్లు. టై-అప్ అంటారు. 1991లో ఫుజీ టీవీలో ‘టోక్యో లవ్ స్టోరీ’ డ్రామా రాకపోయుంటే అందులోని ఒదా కజుమాసా పాట 25 లక్షల కాపీలు దాటేదా? బీయింగ్ అనే మ్యూజిక్ కంపెనీ అయితే అన్నీ ఒకే అచ్చులో పోసి వదిలింది. జార్డ్, వాండ్స్ లాంటి దాని బ్యాండ్లు... గొంతు తీసేస్తే ఏది ఎవరిదో చెప్పండి చూద్దాం.

హార్మోనియం_హరి:
అన్నా, ఈ మాట ఎవరైనా అనొచ్చు గానీ తెలుగువాళ్లం అనకూడదు! మనం పెరిగిందే సినిమా పాటల మీద. సందర్భం చెప్పి, హీరో ఎవరో చెప్పి కట్టించుకున్నవే అన్నీ. అలాగని ఇళయరాజాను వ్యాపారి అంటామా?

టై-అప్ పాటను చెడగొట్టలేదు, దాని కట్టుబడిని మార్చింది. యాడ్ ఉండేది 15 సెకన్లు. ఆ కాస్తలో పాట చెవికి తగులుకోవాలి. అక్కడి పాటల్లో అసలు పల్లవి మామూలుగా మూడో భాగంగా వస్తుంది. ముందు రెండు భాగాలు మెల్లగా ఎక్కించుకుంటూ పోతాయి, అప్పుడు ఒక్కసారిగా విచ్చుకుంటుంది. యాడ్‌కు కావాల్సింది ఆ ముక్కే. అది తేలిపోతే పాట మొత్తం పోయినట్టే. ఇది పనితనం కాదా? అన్నట్టు, జార్డ్ పాటలకు సాహిత్యం దాని గాయని సకాయి ఇజుమి తనే రాసుకునేది. అచ్చులో పోసింది కాదు.

మౌనిక_ఒసాకా:
ఇద్దరూ టీవీ దగ్గరే ఆగిపోయారు. కరవోకే సంగతేంటి, అదే, వాయిద్యాలు మోగుతుంటే మైకు పట్టుకుని మనమే పాడుకోవడం? అప్పటి సింగిల్ సీడీ 8 సెంటీమీటర్ల చిన్న డిస్కు, సన్నగా పొడుగ్గా ఉండే అట్ట కవర్లో వచ్చేది. ఇక్కడ సెకండ్‌హ్యాండ్ షాపుల్లో ఇప్పటికీ దొరుకుతాయి. వెనక్కి తిప్పితే పాట, దాని తోడు ఇంకో పాట, ఆ తర్వాత గొంతు లేకుండా ఉత్త వాయిద్యాలతో మళ్లీ అదే పాట. ఇంట్లో సాధన చేసుకుని వెళ్లి ఆఫీసువాళ్ల ముందు పాడటానికన్నమాట. 1992లో ఫోన్ లైన్ మీద పాటలు పంపే కరవోకే వచ్చాక, కొత్త పాట కోసం లేజర్ డిస్కు వచ్చేదాకా ఆగే పని తప్పింది. సంగీత దర్శకుడు కొమురో తెత్సుయా ట్యూన్లు కట్టింది ఈ జనం కోసమే. 1996 ఏప్రిల్‌లో ఒక వారం ఒరికాన్ (జపాన్‌లో అమ్మకాల లెక్క) సింగిల్స్ చార్టులో మొదటి ఐదు స్థానాలూ ఆయన పాటలవే.

కాసెట్_కాలం:
మీరు నా వైపే సాక్ష్యం చెబుతున్నారండీ. టీవీ అమ్మింది, కరవోకే వాడుకుంది. మంచి సంగీతం లేదని నేను అనను. ఫిష్‌మాన్స్ అనే బ్యాండ్ వాళ్లు 1996లో ‘లాంగ్ సీజన్’ చేశారు, ఆల్బమ్ మొత్తం కలిపి 35 నిమిషాల ఒకే పాట. దాన్ని ఏ యాడ్‌లో పెడతారు? పాడిన సతో షింజీ 1999లో చనిపోయాడు. బయటి దేశాలవాళ్లు ఇంటర్నెట్‌లో ఆ ఆల్బమ్‌ను నెత్తిన పెట్టుకున్నది ఆ తర్వాత చాలా ఏళ్లకు. స్వర్ణయుగమంటే వీళ్లది అనండి, ఒప్పుకుంటా.

హార్మోనియం_హరి:
మరి గాయని ఉతాదా హికారు? 1999లో ‘ఫస్ట్ లవ్’ ఆల్బమ్ వచ్చేటప్పటికి 16 ఏళ్ల పిల్ల. మొదటి వారంలోనే 20 లక్షల కాపీలు.

కాసెట్_కాలం:
ఆ ‘ఫస్ట్ లవ్’ పాట కూడా డ్రామాదే కదా తమ్ముడూ.

మౌనిక_ఒసాకా:
డ్రామా మొదలైంది ఏప్రిల్‌లోనండీ. ఆల్బమ్ మార్చిలోనే వచ్చేసింది.

కాసెట్_కాలం:
సరే, డ్రామా కాదు. కానీ ఆమె పాట ‘ఆటోమేటిక్’ అంతకుముందు డిసెంబర్‌లోనే వచ్చి రేడియోల్లో మోగిపోతోంది. ఆ మోత లేకుండా మార్చిలో 20 లక్షలమంది షాపులకు వచ్చేవాళ్లంటారా?

హార్మోనియం_హరి:
రేడియోలో విని నచ్చి కొనుక్కున్నా తప్పేనా? ఇక ఎక్కడ విని కొనాలో మీరే చెప్పండి.