లోన్ స్టార్ మిషన్: మూడుసార్లు మూసేద్దాం అనుకున్నా ఎలా నిలబడింది?

కందుకూరు_కుర్రాడు

అందరికీ వందనాలు అండి. మా సంఘంలో వచ్చే యూత్ మీటింగ్‌లో తొలి మిషనరీల విశ్వాసం, ఓర్పు అనే టాపిక్ మీద నన్ను మాట్లాడమన్నారు. ఎక్కడో ఆఫ్రికా కథో చైనా కథో చెప్పేకంటే మన నెల్లూరు, ఒంగోలు ఏబీఎం (అమెరికన్ బాప్టిస్టు మిషన్), అదే లోన్ స్టార్ మిషన్ గురించే చెబితే బాగుంటుందని డిసైడ్ అయ్యాను. నాకు తెలిసింది ఏంటంటే శామ్యూల్ డే దొర 1836లో ఇండియా వచ్చి 1840లో నెల్లూరులో పని మొదలెట్టారు, తర్వాత పాతికేళ్ళు గడిచినా సంఘంలో సభ్యులు పదుల్లోనే ఉన్నారు, అమెరికాలో బోర్డు వాళ్ళు ఇక ఆపేద్దాం అని మూడుసార్లు ఆలోచించారు, అయినా ఆగలేదు, తర్వాత 1878లో ఒక్కసారిగా వేలమంది వచ్చారు. ఇంతవరకు ఓకే.

నా డౌట్ ఏంటంటే, ఆ మధ్యలో పాతికేళ్ళు వీళ్ళు ఏం చూసి నిలబడ్డారు? చివర్లో ఏం జరుగుతుందో మనకి తెలుసు కాబట్టి మనం ఈజీగా విశ్వాసం అనేస్తాం, కానీ 1853లో ఉన్నవాళ్ళకి 1878 తెలియదు కదా. మా యూత్‌లో సగం మంది డిగ్రీ అయిపోయి జాబ్ కోసం చూస్తూ, ప్రార్థన చేసీ చేసీ విసిగిపోయి ఉన్నారు. వాళ్ళ ముందు "ప్రార్థించారు, జరిగింది" అని రెండు ముక్కల్లో చెప్పేస్తే అన్యాయంగా ఉంటుంది అనిపిస్తోంది. వివరాలు తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

ఒంగోలు_పాతబస్తీ

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. చిన్నప్పటినుంచి ఈ కథ వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి కొంచెం పెద్దదే రాస్తా, ఓపిగ్గా చదువు.

ముందు డే దొర సంగతి. ఈయన ఆరోగ్యం పాడై 1846లో తిరిగి వెళ్ళిపోవాల్సి వచ్చింది, ఆయనతోపాటు పనిచేసిన వాన్ హ్యూసెన్ దొర అంతకు ముందే వెళ్ళిపోయాడు, అంటే నెల్లూరులో కొన్నేళ్ళు మిషనరీ అనేవాడే లేడు. మొదటిసారి ఆపేద్దాం అన్న మాట వచ్చింది అప్పుడే, 1848లో. డే దొర అప్పుడు అమెరికాలోనే ఉన్నాడు కాబట్టి పట్టుబట్టి, లైమన్ జ్యూవెట్ అనే యువకుణ్ణి వెంటబెట్టుకుని 1849లో మళ్ళీ నెల్లూరు వచ్చాడు. నాలుగేళ్ళకి మళ్ళీ ఒళ్ళు సహకరించక వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. 1878 నాటి జనసమూహాన్ని ఆయన కళ్ళతో చూడలేదు. నీ యూత్‌కి ముందు ఇది చెప్పు, ఎందుకంటే మనవాళ్ళు ఎప్పుడూ కోత కోసినవాళ్ళ గురించే చెప్తారు.

రెండోసారి 1853, న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీలో మీటింగ్. గోడ మీద మిషన్ మ్యాప్ పెట్టారు, ఒక్కో స్టేషన్‌కి ఒక్కో నక్షత్రం గుర్తు. బర్మా వైపు నక్షత్రాలు గుంపుగా ఉన్నాయి, బంగాళాఖాతానికి ఇవతల నెల్లూరు దగ్గర ఒకే ఒక్కటి. దాన్ని చూపించి ఒకాయన లోన్ స్టార్, అంటే ఒంటరి నక్షత్రం అన్నాడు. ఆ రాత్రి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే పాస్టర్ గారు, అమెరికా వాళ్ళ దేశభక్తి గీతం ఒకటి రాసింది ఈయనే, ఆ నక్షత్రం మీద పద్యం రాశాడు, మర్నాడు సభలో చదివారు, చాలామంది కళ్ళనీళ్ళు పెట్టుకున్నారని చెప్తారు. మిషన్ ఉంచేద్దాం అని తీర్మానం అయ్యింది. కానీ ఇక్కడొక సంగతి గమనించాలి, అప్పుడు నెల్లూరులో ఉన్న జ్యూవెట్ దంపతులకి ఆ పద్యం సంగతి వెంటనే తెలిసే ఛాన్సే లేదు, ఓడలో ఉత్తరం రావడానికి నెలలు పట్టేది. అక్కడ మూసేద్దామా ఉంచుదామా అని చర్చ జరుగుతుంటే ఇక్కడ వీళ్ళు మామూలుగా బజార్లో నిలబడి బోధ చేస్తూ, తిట్లు తింటూ ఉన్నారు.

మూడోసారి 1862. జ్యూవెట్ దొర కూడా జబ్బుపడి అమెరికా బయల్దేరాడు. ఈసారి ఆపేయడం దాదాపు ఖాయం అనుకున్నారు, ఆయన వచ్చేదాకా ఆగుదాం అన్నారంతే. ఆయన వచ్చి, మీరు సపోర్ట్ ఇచ్చినా ఇవ్వకపోయినా నేను తిరిగి వెళ్తా, తెలుగువాళ్ళ మధ్యే బతుకుతా, అక్కడే చస్తా అన్నాడు. అప్పుడు బోర్డు సెక్రటరీ, అయితే నిన్ను సమాధి చేయడానికైనా ఒకణ్ణి తోడు పంపాలి అన్నాడట. ఆ తోడు వచ్చినవాడే జాన్ క్లౌ. 1865లో నెల్లూరు చేరాడు, 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు.

ఏం చూసి నిలబడ్డారు అన్నావు కదా. నా అభిప్రాయం అడిగితే, ఫలితం చూసి మాత్రం కాదు. జ్యూవెట్ దొరకి ఆ మనుషులు తెలుసు, భాష వచ్చు, ఆ ఊళ్ళు తిరిగాడు. మ్యాప్ మీద చుక్క చూసి లెక్కలేసేవాళ్ళకి వదిలేయడం తేలిక, పేరుపేరునా మనుషులు తెలిసినవాడికి తేలిక కాదు.

రూతమ్మ_మనవరాలు

అన్నయ్య చాలా బాగా రాశారు, కానీ నాకు ఒక బాధ ఉంది, ఇక్కడ చెప్పుకుంటా. ఈ కథ ఎవరు చెప్పినా డే, జ్యూవెట్, క్లౌ, ఈ మూడు పేర్లతోనే అయిపోతుంది. ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కినప్పుడు అక్కడ ఎంతమంది ఉన్నారు? 1854 జనవరి 1, తెల్లవారుజామున ఐదుగురు ఎక్కారు. జ్యూవెట్ దొర, దొరసాని, ఇంకో ముగ్గురు మనవాళ్ళు: క్రిస్టియన్ నర్సు అనే బోధకుడు, జూలియా, రూత్. ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు! ఆ రోజుల్లో పరాయి ఊరెళ్ళి, బజార్లో జనం తిట్టి తరిమిన మర్నాడే, ఇంకా చీకటి ఉండగానే కొండెక్కి ఒక్కొక్కరే మోకాళ్ళూని ప్రార్థన చేశారు. ఏమని? ఒంగోలుకి ఒక మిషనరీని పంపమని. జ్యూవెట్ దొర కిందున్న ఒక స్థలం చూపించి, జూలియా, మన మిషన్ బంగళా అక్కడ ఉంటే నీకిష్టమేనా అని అడిగాడట. తర్వాత ఆ స్థలమే మిషన్ కొన్నది.

ఇప్పుడు ఆలోచించండి. జ్యూవెట్ దొరకి ఓపిక అయిపోతే ఓడెక్కి వెళ్ళిపోయే దారి ఉంది, ఆయన వెళ్ళలేదు, అది గొప్పే, కాదనను. జూలియాకి ఏ ఓడ ఉంది? డే దొర బోర్డింగ్ స్కూల్‌లో పెరిగిన పిల్ల, బోర్డు మిషన్ మూసేస్తే వీళ్ళ గతేంటి? అలాంటి పరిస్థితిలో మా ఊరికి ఇంకొకర్ని పంపు ప్రభువా అని అడగడం నాకు చాలా పెద్ద విషయం అనిపిస్తుంది. మా అమ్మమ్మ బైబిల్ ఉమన్‌గా, అంటే ఆడవాళ్ళకి బైబిల్ చెప్తూ పల్లెలు తిరిగింది, మిషన్ రిపోర్టుల్లో ఆవిడ పేరు కూడా ఉండి ఉండదు, అందుకే నాకు ఈ ముగ్గురంటే ప్రాణం.

ఇంకొకాయన యర్రగుంట్ల పేరయ్య. ఆయన్ని వదిలేస్తే ఒంగోలు కథే లేదు. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారం, అప్పటికే యోగం నేర్చుకుని నలుగురికి గురువుగా ఉన్న మనిషి. వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్ళి ఏలూరులో అలెగ్జాండర్ దొర అనే మిషనరీ దగ్గర యేసు గురించి విన్నాడు, ఊరికొచ్చి తనకి తెలిసినంత అందరికీ చెప్పడం మొదలెట్టాడు, 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. మర్నాటి ఏడాది జనవరిలో క్లౌ దొర ఆయన ఊరు తలకొండపాడు వెళ్ళాడు, ఒంగోలుకి 40 మైళ్ళ దూరం. చుట్టుపక్కల పల్లెల నించి జనం వంట గిన్నెలు, పక్కబట్టలు మూటగట్టుకుని వచ్చేశారు, చెట్లకింద దిగారు, నాలుగైదు రోజులుండి నేర్చుకునే పోతాం అని. 28 మందికి అక్కడ బాప్తిస్మం ఇచ్చారు. వీళ్ళందర్నీ తయారుచేసింది పేరయ్య, దొర కాదు.

దాని తర్వాతదే అసలు పరీక్ష. వాళ్ళు తిరిగి పల్లెల్లోకి వెళ్ళి చచ్చిన గొడ్డు మాంసం తినం, జాతరలో డప్పు కొట్టం, ఆదివారం పని చెయ్యం అన్నారు. ఊరి పెద్దలు ఊరుకుంటారా! బావి దగ్గరకి రానివ్వలేదు, అంగట్లో సరుకు అమ్మొద్దన్నారు, చాకలి మంగలిని ఆపేశారు, దొంగ కేసులు పెట్టారు. ఒక్క ఆదివారం పనికెళ్ళకపోతే ఆ రోజు తిండి ఉండదు. పాతికేళ్ళ ఓర్పు ఒకవైపు, ఇది ఒకవైపు. తమ్ముడూ, నీ టాక్‌లో దయచేసి వీళ్ళకి టైమ్ ఇవ్వు.

నిజం_కావాలి

నేను క్రిస్టియన్‌ని కాదు, హిస్టరీ మీద ఇంట్రెస్ట్ కొద్దీ చదువుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. జూలియా, పేరయ్య గురించి ఇప్పుడే తెలుసుకున్నాను, థాంక్స్ అండి. కానీ 1878 అంటే ధాత కరువు టైమ్ కదా, 1876లో మొదలై మద్రాసు ప్రెసిడెన్సీ అంతా లక్షలమంది చచ్చిపోయిన కరువు. అప్పుడు ఒక మిషనరీ చేతిలో పని, కూలి డబ్బులు ఉన్నాయి, ఆ తర్వాత వేలమంది మతం మారారు. గంజి కోసం మారారు అని బయట అందరూ అనేది దీన్నే. దీన్ని విశ్వాసానికి ఫలితం అని ఎలా అంటారు?

ఒంగోలు_పాతబస్తీ

సూటిగా అడిగారు, సంతోషం అండి, సూటిగానే చెప్తా. కూలి విషయం నిజమే. క్లౌ దొర మిషనరీ అవ్వకముందు అమెరికాలో భూమి సర్వే పని చేసినవాడు, ఆ అనుభవంతో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టుకి తీసుకున్నాడు. కరువు క్యాంపుల్లో కూలీల్ని మేస్త్రీలు కొట్టడం, కూలి మింగేయడం ఉండేది, తన క్యాంపులో అది జరక్కూడదని మిషన్ బోధకుల్నే పని మీద పెట్టాడు. పగలు వాళ్ళు పని పురమాయించేవాళ్ళు, సాయంత్రం జనం కూర్చుంటే కథలు చెప్పేవాళ్ళు, వినేవాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు.

కానీ మీరు అన్న అనుమానం క్లౌ దొరకే ముందు వచ్చింది. అందుకే కరువు నడిచినంతకాలం, ఏడాదికి పైనే, బాప్తిస్మాలు పూర్తిగా ఆపేశాడు. జనం వచ్చి అడిగినా ఇవ్వలేదు. కాలువ పని అయిపోయింది, పంచడానికి డబ్బులు అయిపోయాయి, ఇక మాదగ్గర సాయం ఏమీ లేదు అని చెప్పాక కూడా జనం తిరిగిపోలేదు. మాకు సాయం వద్దు, బాప్తిస్మం ఇవ్వండి అని కూర్చున్నారు. అప్పుడు, 1878 జూలైలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర మొదలైంది. రెండో తారీఖు 614 మంది, మూడో తారీఖు 2,222 మంది, నాలుగో తారీఖు 700, మూడు రోజుల్లో 3,536. ఆ 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ దొర కాదు, మన తెలుగు బోధకులే. ఒక్కసారికి ఇద్దరు చొప్పున నీళ్ళలో దిగి, అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగి, పొద్దున మొదలెట్టి మధ్యాహ్నం కాసేపు ఆగి మళ్ళీ సాయంత్రం దాకా. వచ్చిన ప్రతివాళ్ళనీ ఆ పల్లెల బోధకులు పేరుపేరునా ఎరుగుదురు, పేర్ల లిస్టులు పట్టుకుని మరీ కూర్చున్నారు.

వచ్చినవాళ్ళలో ఆకలి ఒక కారణం కాలేదా అంటే, కొందరికి అయ్యే ఉంటుంది, నేను కాదనను. కరువులో తమని మనుషుల్లా చూసింది ఎవరో చూశారు, వాళ్ళ దేవుడెవరో తెలుసుకుందాం అనుకున్నారు, అందులో నాకు తప్పు కనపడదు. పైగా గంజి కోసమే అయితే కరువు పోయాక వెనక్కి పోవాలి కదా. పోలేదు. ఐదు తరాలు గడిచినా ఆ పల్లెల్లో ఆ సంఘాలు ఉన్నాయి.

రూతమ్మ_మనవరాలు

దీనికి ఒకటి యాడ్ చేస్తా. ధనం, పలుకుబడి కోసం చూసే మిషన్ అయితే 1867లోనే వేరే దారి పట్టేది. ఒంగోలులో క్లౌ దొర స్కూల్‌కి బ్రాహ్మణ, కోమటి పిల్లలు వచ్చేవాళ్ళు, పెద్దలు కూడా బాగా ఉండేవాళ్ళు. మాదిగవాళ్ళని చేర్చుకుంటే మేము రాము అని తేల్చి చెప్పారు. దొర ఒక గదిలో, దొరసాని హ్యారియెట్ ఇంకో గదిలో ఒకరికి తెలియకుండా ఒకరు బైబిల్ తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ మొదటి అధ్యాయం 26వ వచనం దగ్గరే తెరుచుకుంది, ఘనులు చాలామంది లేరు అనే మాట. మర్నాడు ఆ పిల్లలు స్కూల్ మానేశారు. వీళ్ళు మాదిగపల్లె వైపే నిలబడ్డారు.

విశాఖ_తీరం

లేటుగా వచ్చాను, చిన్న మాట. ఓర్పు గురించే అయితే మా వైజాగ్‌ని మర్చిపోకండి, నెల్లూరుకి 35 ఏళ్ళ ముందు. లండన్ మిషన్ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. బడి పెట్టారు, తెలుగు నేర్చుకున్నారు, ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తల్ని తెలుగులోకి తేవడం మొదలెట్టారు. 1809లో క్రాన్ చనిపోయారు, 1810లో డెస్ గ్రాంజెస్. ఐదేళ్ళలో ఇద్దరూ పోయారు. తర్వాత వచ్చిన ప్రిచెట్ దొర పని కొనసాగిస్తే 1818లో మద్రాసులో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. వీళ్ళ జీవితంలో చెప్పుకోడానికి సంఖ్య అంటూ ఏమీ లేదు. కానీ తర్వాత జూలియా చదివినా, పేరయ్య విన్నా, అచ్చులో తెలుగు లేఖనం అంటూ ఉండటానికి దారి వేసినవాళ్ళలో వీళ్ళున్నారు.

కందుకూరు_కుర్రాడు

అందరికీ చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. అక్కా, నీ మాట విని ప్లాన్ మార్చాను, పేరయ్యతో మొదలెడతా, తలకొండపాడు తర్వాత బావి దగ్గర ఆపేసిన సంగతి ఎక్కువసేపు చెప్తా, ఆల్బనీ పద్యం చివర్లో టైమ్ ఉంటేనే. నిజం గారు అడిగిన కరువు ప్రశ్న కూడా దాచకుండా నేనే ముందు లేవనెత్తుతా, మా పిల్లలు కాలేజీలో ఎలాగూ వింటున్నారు దాన్ని. ఇంకొక్క హెల్ప్, మీటింగ్ అయ్యాక అందర్నీ ఒంగోలు ప్రార్థన కొండకి తీసుకెళ్దాం అనుకుంటున్నాం, పెద్దవాళ్ళు కూడా ఎక్కగలరా?

ఒంగోలు_పాతబస్తీ

రండి రండి. పొద్దున్నే ఎక్కేలా చూసుకోండి, ఎండెక్కితే రాయి కాలిపోతుంది. పెద్దవాళ్ళకి నీళ్ళ బాటిల్స్, చేతికర్రలు తెచ్చుకోమను, మెల్లగా ఎక్కిద్దాం. దిగాక జ్యూవెట్ మెమోరియల్ బాప్టిస్టు చర్చి కూడా చూపిస్తా. వచ్చేముందు ఇక్కడే మెసేజ్ పెట్టు.