సారథ్ మోడల్‌కి మట్టి, తుప్పు పూయకపోతే పని సగంలో ఆగినట్టేనా?

పాలిస్టిరీన్_35

మొన్న ఆదివారం మా ఊళ్లో మోడళ్లు చేసేవాళ్లం కొందరం కలిశాం. నాలుగు నెలలు కూర్చుని చేసిన 1/35 (అసలు దాంట్లో 35వ వంతు) బీఎంపీ-2ని పట్టుకెళ్లాను. జవాన్లని మోసే కవచ బండి అది. మన సైన్యంలో దాని పేరు సారథ్, ఆ రూపంలోనే చేశాను. అతుకులు నింపి రుద్దడానికే మూడు వారాలు పట్టింది. కిట్‌లో వచ్చిన చేతిపట్టీలు లావుగా ఉన్నాయని కోసేసి, 0.4 మి.మీ. రాగి తీగ వంచి కొత్తవి పెట్టాను. బండిని లాగే టో కేబుల్ కూడా కిట్‌ది కాదు, పాత కరెంటు వైరులోని పోగులు పేనాను. ఇంత చేస్తే ముగ్గురు పెద్దలు చూసి అడిగిన మాట ఒక్కటే: "బాగుంది, ఎప్పుడు పూర్తిచేస్తావు?"

పూర్తయిందన్నాను. "మట్టేది, తుప్పేది? ఇది బొమ్మలా ఉంది" అన్నారు.

ఇంటికొచ్చాక నిద్రపట్టలేదు. నా మాట ఇది. మోడల్ మీద మరక వేస్తే ఆ మరకకి కారణం ఉండాలి. ఆ బండి ఎక్కడ తిరిగింది, ఎన్నాళ్లు తిరిగింది అనేది ముందు తేల్చుకోవాలి. నా సారథ్ రెజిమెంట్‌లో కడిగి నిలబెట్టిన బండి. దానికి తుప్పు కారినట్టు చారలు గీస్తే అది అబద్ధమవుతుంది. మీరేమంటారు?

టర్పెంటైన్_చేతులు

తమ్ముడూ, ఫొటోలు చూశాను. అతుకుల పని నాకంటే బాగా చేశావు. కానీ ఆ పెద్దలు చెప్పినదాంట్లో కొంత నిజముంది, వాళ్లు దాన్ని తప్పు మాటల్లో చెప్పారు.

అసలు బీఎంపీ-2 పొడవు 6.7 మీటర్ల పైమాటే. ఎండలో నిలబడితే ప్రతి బోల్టు కింద, ప్రతి తలుపు అంచున నీడ పడుతుంది. నీ మోడల్ 19 సెంటీమీటర్లు. ట్యూబులైటు కింద దాని బోల్టులకి నీడ రాదు. ఆ నీడని మనమే గీయాలి. వాష్ ఉన్నది అందుకే. నూనె రంగుని పల్చగా కలిపి గాడుల్లోకి వదిలేది మురికి చూపించడానికి కాదు, లోతు చూపించడానికి. బెల్జియం మోడలర్ ఫ్రాన్స్వా వెర్లిండెన్ వాష్‌నీ డ్రై బ్రష్‌నీ (దాదాపు ఆరిన కుంచెతో ఎత్తైన అంచుల మీద లేత రంగు రుద్దడం) కలిపి చేసి చూపించాక ప్రపంచమంతా ఆ దారి పట్టింది. ఆయన మోడళ్లు కళ్లకి ఆనాడు అంత నిజంగా కనిపించడానికి కారణం ఈ నీడలే.

ఇంకో సంగతి. డబ్బాలోని రంగుని ఉన్నదున్నట్టు కొడితే చిన్న మోడల్ మీద అది ముదురుగా కనిపిస్తుంది. దూరంగా ఉన్న వస్తువు రంగు కొంచెం వెలిసినట్టు కనిపిస్తుంది కదా, అందుకని పైకి చూసే భాగాలకి రంగు కాస్త లేత చేయాలి. నీ పచ్చ మరీ నిండుగా ఉంది. అందుకే వాళ్ల కంటికి బొమ్మలా అనిపించి ఉంటుంది.

పాలిస్టిరీన్_35

అక్కా, వాష్ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. నేను వేసింది పల్చగా పడింది, మళ్లీ వేస్తాను. రంగు లేత చేయడం కూడా నాకు తోచలేదు, అది నా లోపమే.

తుప్పు సంగతి మాత్రం ఒప్పుకోను. అమెరికా కవచ బండి ఎం113 పెట్టె, అంటే దాని ఒళ్లు, మొత్తం అల్యూమినియం కవచం. వాళ్లదే ఇంకో బండి బ్రాడ్లీ పెట్టె కూడా ముఖ్యంగా అల్యూమినియమే. వాటి పక్కల మీద ఎర్రటి తుప్పు చారలు గీసిన మోడళ్లు ఎన్నో చూశాను, అల్యూమినియం అలా ఎర్రగా తుప్పు పట్టదు. గీత పడితే తెల్లటి లోహం కనిపించాలి. బండి దేనితో చేశారో తెలుసుకోకుండా అందరికీ ఒకే సీసాలోంచి తుప్పు పోస్తే ఎలా?

రంగు ఊడిన మచ్చల లెక్క కూడా చూడండి. మన మోడల్ మీద 1 మి.మీ. మచ్చ అంటే అసలు బండి మీద 35 మి.మీ. అంత పెద్ద పెచ్చు ఊడితే ఏ రెజిమెంట్ ఊరుకుంటుంది? స్పాంజితో అద్దుతూ పోతే బండి నిండా అలాంటివి వందలు వస్తాయి.

సంగారెడ్డి_స్ప్రూ

అన్నా, నేను నీ దిక్కే. మా మేనమామ ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల పనిజేసి రిటైరైండు. సారథ్‌లు తయారైంది ఆడనే. రోడ్డు మీదికెళ్లి ట్రైలర్ మీద బండి పోతుంటే చిన్నప్పుడు నిలబడి చూసేటోళ్లం. నాకు యాదున్న సారథ్ శుభ్రంగా ఉన్న బండే. ఎవడో వచ్చి అది బొమ్మ లెక్క ఉన్నదంటే నాకు కోపమొస్తది. మా మామ చేతుల మీంచి పోయిన బండి అట్లనే ఉంటుండె.

హ్యూస్టన్_టరెట్

నేను అవతలి పక్షం. 1991లో కువైట్ వైపు వెళ్లిన అమెరికా అబ్రామ్స్ ట్యాంకుల ఫొటోలు ఒకసారి తీసి చూడండి. పక్కల మీద తలకిందుల వీ గుర్తు, టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పై భాగం) వెనక బుట్టలో సంచులు, మడిచిన టార్పాలిన్లు, నీళ్ల డబ్బాలు. నలుగురు మనుషులు ఆ బండిలోనే బతికారు. దుమ్ము వాళ్ల బతుకులో భాగం. ఆ దుమ్ము తీసేస్తే మనుషులని కూడా తీసేసినట్టే నాకు.

అందుకే నేను ప్రతి కిట్‌నీ మారుస్తాను. టిష్యూ కాగితాన్ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి టార్పాలిన్ చుడతాను. ఎపాక్సీ పుట్టీతో సంచులు చేస్తాను. సంచి బరువుకి పట్టీ కిందికి లాగినట్టు ఉండాలి, లేకపోతే దూది మూటలా కనిపిస్తుంది. ఇవన్నీ పెట్టి పైన దుమ్ము లేకుండా వదిలేయమంటే నా చేయి ఆగదు.

కడిగిన బండి కూడా నిజమే కావచ్చు. కానీ చూసేవాడికి అది ఏం చెబుతుంది?

పాత_ఈఎంఈ

బాబూ, నేను సికింద్రాబాద్ ఎంసీఈఎంఈలో (సైన్యం మెకానిక్కుల, ఇంజనీర్ల కాలేజీ) శిక్షణ తీసుకుని పనిలో చేరినవాణ్ణి. బీఎంపీ-2ల దగ్గర చాలా ఏళ్లు గడిపాను. బొమ్మలు చేయడం ఈమధ్యే మనవడి వల్ల అలవాటైంది. మీరిద్దరూ అసలు బండి దగ్గరికి వెళ్లకుండా వాదించుకుంటున్నారనిపించి రాస్తున్నాను.

రేంజిలో తిరిగొచ్చిన బండిని జవాన్లు వదిలేయరు. దుమ్ము దులుపుతారు, ట్రాకులు (చక్రాల చుట్టూ తిరిగే లోహపు పట్టాలు) చూస్తారు, గ్రీజు పెడతారు. రంగు లేచిపోతే కొడతారు. అందువల్ల తుప్పు కారిన బండి యూనిట్‌లో నాకు కనిపించలేదు. అయితే కడిగినంత మాత్రాన అన్నీ పోవు. ఏవి పోవో చెబుతా.

ఇంజిను ముందు కుడివైపు ఉంటుంది. పొగ కుడి డెక్కు (బండి పైకప్పు) మీది జాలీలోంచి వస్తుంది. ఆ జాలీ చుట్టూ నల్లటి మసి ఎంత తుడిచినా ఉంటుంది. ఎడమ వైపు ఆ మసి ఉండకూడదు. రెండు వైపులా వేసిన మోడళ్లు చూశాను, అక్కడే తెలిసిపోతుంది చేసినవాడు బండిని చూడలేదని. వెనక తలుపుల్లో డీజిల్ నిలవ ఉంటుంది. మూత దగ్గర తడిసి, దాని మీద దుమ్ము అంటి ముదురు మరక కడుతుంది. వెనక కూర్చునే జవాన్లు ఎక్కి దిగేది ఆ తలుపుల్లోంచే, కాబట్టి గడప అంచు బూటు రాపిడికి లోహం తేలి ఉంటుంది. ట్రాకులు నడిచిన బండికి నేలకి తగిలే చోట మెరుస్తాయి, మిగతా భాగం గోధుమరంగుకి తిరుగుతుంది. ముందు ట్రాకుని లాగే పళ్ల చక్రం స్ప్రాకెట్, దాని పళ్లూ మెరుస్తాయి. చక్రాల రబ్బరు పరేడ్‌లోనే నల్లగా ఉంటుంది, రోజూ వారీగా అది బూడిదరంగే.

మట్టి ఎక్కువగా దాక్కునేది వెనక ట్రాకు మలుపు తిరిగే ఐడ్లర్ చక్రం లోపల. అక్కడ వేలు పెట్టి గీకాలి, ఎవరూ గీకరు.

టర్పెంటైన్_చేతులు

బాబాయిగారూ, ఇన్నేళ్లలో నాకు దొరికిన అన్ని పాఠాల్లోకీ ఇది పెద్దది. కుడివైపు మసి సంగతి నా బీఎంపీకి నేనే తప్పు చేశాను. ఈ రాత్రే చెరిపేస్తాను.

కొత్తజిగురు

నాదొక ప్రశ్న. దుమ్ముకి మా పెరటి మట్టిని జల్లించి చల్లాను. గులకరాళ్లు పోసినట్టు వచ్చింది. పైగా వాష్ ఎక్కువ పోశానేమో, రెండు చక్రాల ఇరుసులు విరిగిపోయాయి.

టర్పెంటైన్_చేతులు

మట్టి రేణువు 0.2 మి.మీ. ఉన్నా 35తో గుణిస్తే 7 మి.మీ. కంకర అవుతుంది. పాస్టెల్ సుద్దని సాండ్‌పేపర్ మీద అరగదీసి పొడి చెయ్యండి, లేదా పిగ్మెంట్ కొనండి. ఇరుసులు విరిగింది థిన్నర్ వల్ల. అతికిన చోట్ల, బిగువుగా ఉన్న చోట్ల అది నిలవుండిపోతే ప్లాస్టిక్ పెళుసవుతుంది. ముందు గ్లాస్ (మెరుపు) వార్నిష్ పొర ఎండనివ్వండి, తర్వాత వాష్‌ని కుంచె కొనతో గాడిలో మాత్రమే తాకించండి. మడుగు కట్టనివ్వద్దు.

హ్యూస్టన్_టరెట్

పాత_ఈఎంఈ గారు చెప్పింది చదివాక నా మాట కొంచెం సరిదిద్దుకుంటాను. దుమ్ము ఉండాలనే ఇప్పటికీ అంటాను. కానీ నేను ఇన్నాళ్లూ బండి అంతటా ఒకే మందాన పోశాను. తమ్ముడూ, నీ సారథ్‌ని నేను ఇప్పటికీ మార్చమనే అంటాను. ఆయన చెప్పిన ఆ అయిదారు చోట్లైనా.

పాలిస్టిరీన్_35

ఆ అయిదారు చోట్లూ వేస్తాను అన్నా, వాటికి కారణం ఉంది కదా. తుప్పు మాత్రం వేయను.

బాబాయిగారూ, మీ పోస్టు చదివిన దగ్గర్నుంచి ఇంకో ఆలోచన వచ్చింది. బీఎంపీ-2 నీళ్లలో ఈదుతుంది, తోసేది ట్రాకులే. వాగు దాటి అప్పుడే గట్టెక్కిన బండిని చేస్తే? కింద దుమ్ము కడుక్కుపోయి తడిగా పచ్చ కనిపించాలి, పైన టరెట్ మీద పొడి దుమ్ము అలాగే ఉండాలి. మామూలుగా అందరూ కింద మట్టి, పైన శుభ్రం చేస్తారు, ఇది దానికి తిరగేసి ఉంటుంది. నీటి గీత ఎంత ఎత్తున వేయాలి?

పాత_ఈఎంఈ

పక్కగోడలు చాలావరకు నీళ్లలోనే ఉంటాయి బాబూ. డెక్కూ టరెట్టూ తేలి కనిపిస్తాయి. గీత తిన్నగా గీయకు, ముందు భాగంలో అల కొడుతుంది కాబట్టి అక్కడ కొంచెం పైకి లేపు. గట్టెక్కిన బండి ఐడ్లర్‌లోంచీ చక్రాల మధ్యలోంచీ నీళ్లు కారుతుంటాయి, అక్కడ గ్లాస్ వార్నిష్ చుక్కలు పెట్టు.

ముక్కు మీది ట్రిమ్ వేన్, అంటే నీళ్లు పైకెక్కకుండా ఆపే పలక, లేపి అతికించు. నీ ఫొటోలో అది మడిచి ఉంది. అలా ఉంటే ఆ బండి నీళ్లలోకి దిగలేదని చూసిన జవాను ఎవడైనా చెప్పేస్తాడు.