జరగని రివ్యూకి పాత తేదీ సంతకాలు అడుగుతున్నారు, ఏం చేయను?

బీఆర్ఎస్_అమ్మాయి
విశాఖలో ఒక లిస్టెడ్ కంపెనీ ప్లాంటు అకౌంట్స్‌లో చేస్తున్నా. తొమ్మిది ఖాతాల బీఆర్ఎస్ నాదే (పార్టీ కాదండీ, బ్యాంకు రీకన్సిలియేషన్, అంటే మా పుస్తకాల్లో నిల్వనీ బ్యాంకు స్టేట్‌మెంటునీ సరిపోల్చడం). మా ఆర్‌సీఎంలో (ఏ రిస్కుకి ఏ తనిఖీ అని రాసుకునే పట్టిక) రాసుకున్న కంట్రోల్ ఇది: నేను తయారుచేస్తా, పై నెల ఏడో తేదీలోగా మేనేజర్ చూసి సంతకం పెడతారు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఒక్కరూ చూసిన పాపాన పోలేదు. ఈ నెల 18న ఆడిటర్లు ఐఎఫ్‌సీ (ఇలాంటి అంతర్గత ఆర్థిక కంట్రోళ్లు) టెస్టింగ్‌కి వస్తున్నారు. నిన్న కార్పొరేట్ ఆఫీసు నుంచి ఫోను: ఏడు నెలలవీ ప్రింట్లు తీసి, ఏ నెలకా నెల తేదీలు వేసి సంతకాలు చేయించమని. మా మేనేజర్ చేరిందే ఆగస్టులో! మే నెల కాగితం మీద ఆయన సంతకమేంటి? అడిగితే "లెక్క తప్పలేదుగా, ఫార్మాలిటీ" అన్నారు. నిజానికి తేడాలేం లేవు. జూన్ 6న ఒక ట్రాన్స్‌పోర్టర్‌కి ఇచ్చిన 2.14 లక్షల చెక్కు ఇంకా పాస్ కాలేదు, అంతే. నా ప్రొబేషన్ మార్చి దాకా ఉంది. చేయించేయనా?

గోదారోడు
ప్రింటు అడుగున పడే తేదీ చూశావా అక్కా? డిసెంబరులో ప్రింటైన కాగితం మీద జూన్ సంతకం! మా దగ్గర ఒకాయన ఇలాగే దొరికాడు. పైగా ఆదివారం తేదీ వేశాడు మహానుభావుడు.

పచ్చఇంకు
అమ్మా, నేను ఆడిట్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యా. ముందు ఆ చెక్కు సంగతి చూడు. 2012 ఏప్రిల్ నుంచి చెక్కుకి ఆయుష్షు మూడు నెలలే. నీది సెప్టెంబరు మొదటి వారంలోనే చచ్చింది. బ్యాంకు డెబిట్, ఆ ట్రాన్స్‌పోర్టర్‌కి క్రెడిట్ వేసి వెనక్కి తిప్పాలి, ఆయనకి మనం ఇంకా బాకీయే కదా. సెప్టెంబరు బీఆర్ఎస్‌ని ఎవరైనా కళ్లు పెట్టి చూసుంటే అప్పుడే అడిగేవారు. తేడాల్లేవంటున్నావు గానీ, ఎవరూ చూడలేదనడానికి సాక్ష్యం ఆ చెక్కే. పైగా లోపం బరువు తూచేటప్పుడు తప్పు జరిగిందా అన్నది ఒక్కటే కాదు, ఎంత తప్పు జారిపోయే వీలుందో కూడా చూస్తాం.

కంపెనీల చట్టం 143(3)(ఐ) కింద ఈ కంట్రోళ్ల మీద ఆడిటర్ ఇచ్చే అభిప్రాయం బ్యాలెన్స్ షీటు తేదీ నాటికి, అంటే మార్చి 31కి. నవంబరు నెలది ఇప్పుడే చూడటం మొదలెడితే పరీక్షించడానికి నెలలు దొరుకుతాయి. నెలవారీ కంట్రోల్‌కి మేం మామూలుగా రెండు నుంచి ఐదు శాంపిళ్లు తీసేవాళ్లం. చూడలేదని ఒప్పుకుంటే అది లోపం, సరిదిద్దుకోవచ్చు. పాత తేదీ వేశారని తెలిస్తే ఆడిటర్ ఇక మీ ప్లాంటులో ఏ సంతకాన్నీ నమ్మడు.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ మోసం ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనే లేవు. బ్యాంకు కన్ఫర్మేషన్లు (నిల్వ ఎంతుందో బ్యాంకునే అడిగి రాబట్టే ఉత్తరాలు) పంపడం, తెప్పించుకోవడం ఆడిటర్లు ఆ కంపెనీ వాళ్లకే వదిలేశారని 2011లో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ చెప్పింది. దాచుకోవడమెందుకు, అప్పటిదాకా నేనూ ఆ ఉత్తరాలు క్లయింటు గుమాస్తా చేతికే ఇచ్చేవాణ్ణి, పోస్టులో వేసెయ్యమని. ఆ వారం నుంచి పోస్టాఫీసుకి నేనే వెళ్లా.

డాలస్_వదిన
ఇక్కడ అమెరికాలో నాది సాక్స్ 404 పని, మీ ఐఎఫ్‌సీ లాంటిదే. ఫోనులో చెప్పింది మెయిల్‌లో పెట్టమని అడుగు చెల్లీ, సగం మంది అక్కడే ఆగిపోతారు. ఆగకపోతే మీ ఆడిట్ కమిటీ ఉంది. కంపెనీల చట్టం సెక్షన్ 177 ప్రకారం లిస్టెడ్ కంపెనీలో విజిల్ మెకానిజం (ఉద్యోగులు తప్పుల్ని పైకి చెప్పుకునే ఏర్పాటు) ఉండి తీరాలి, వెబ్‌సైట్‌లో పాలసీ వెతుకు.

బీఆర్ఎస్_అమ్మాయి
మెయిల్ అడిగా. రాలేదు. పచ్చఇంకు గారూ, చెక్కు తిప్పేశాం. మేనేజర్ గారు ఏడు నెలలవీ కూర్చుని చూసి, "ఆలస్యంగా చూశాను" అని రాసి డిసెంబరు 12 తేదీనే వేశారు. ఆ పూటలోనే ఇంకో రెండు పాత చెక్కులు బయటపడ్డాయి, సిగ్గేసింది. ఆడిటర్లు లోపంగా రాసుకున్నారు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మళ్లీ చూస్తారట. కార్పొరేట్ ఆయన మాత్రం నా ఫోను ఎత్తట్లేదు.