మూడొందలు పెట్టి హాల్లో కూర్చుని నవ్వాలా?

గట్టుమీద_కొబ్బరిచెట్టు: సూటిగా అడిగేస్తున్నానండి. స్టాండప్ కామెడీ ఎంత కావాలంటే అంత ఫోన్‌లో ఊరికే వస్తోంది. అలాంటప్పుడు 299 టికెట్టు కొని, ఒక మనిషి మైకు పట్టుకుని మాట్లాడుతుంటే వెళ్ళి వినడంలో ఏముంది? అమలాపురంలో కొందరు కుర్రాళ్ళు 80 మందికి ఒక షో పెడదామంటున్నారు. నడుస్తుందా? వెటకారం మనకి టీకొట్టు దగ్గరే దొరుకుతుంది కదా.

పూతరేకు: ఆ టీకొట్టుకే టికెట్టు పెట్టమనండి. హౌస్‌ఫుల్.

మైకుసెట్టు: నడుస్తుంది, హాలు సరిగ్గా కుదిరితే. నవ్వు అంటుకునే సరుకు. అంటుకోవాలంటే మనిషి పక్కన మనిషుండాలి. రాబర్ట్ ప్రొవైన్ అని అమెరికాలో నవ్వు మీదే పనిచేసినాయన చూస్తే, ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు 30 రెట్లు ఎక్కువ నవ్వుతున్నారట. టీవీవాళ్ళకి ఈ సంగతి 1950ల్లోనే తెలుసు. చార్లెస్ డగ్లస్ అనే సౌండు ఇంజనీరు నవ్వుల పెట్టె ఒకటి తయారుచేసి, ఇంట్లో ఒక్కడే చూసేవాడికి అరువు నవ్వులు సరఫరా చేశాడు. హాల్లో ఆ అరువు అక్కర్లేదు. అదీ మూడొందలకి వచ్చేది.

కానీ మనవైపు హాలంటే కల్యాణమండపం. కింద గ్రానైటు, పైన ఎత్తు స్లాబు. మాట గోడకి కొట్టుకుని తిరిగొచ్చేసరికి తర్వాతి మాట మొదలైపోతుంది. కాబట్టి వెనక గోడకీ పక్క గోడలకీ షామియానా గుడ్డ మడతలు మడతలుగా వేలాడదీయాలి. స్టేజీ నాలుగడుగుల ఎత్తుంటే దాన్ని వదిలేసి, కింద ఒక అడుగు ఎత్తు బల్ల వేసుకోవాలి. కుర్చీలు వరసకి 10, ఎనిమిది వరసలు, చెయ్యికి చెయ్యి తగిలేలా. నడిమి దారి అస్సలు వద్దు. పెళ్ళికొడుకు నడవడానికి వదిలే ఆ దారి నవ్వుని రెండు ముక్కలు చేస్తుంది, ఈ పక్క నవ్వు ఆ పక్కకి దాటదు. దారి రెండు అంచుల్లో ఉండాలి. 40 మందే వస్తే వెనక నాలుగు వరసలకి తాడు కట్టేసి అందర్నీ ముందుకి తోలాలి.

ఎకో మీట సున్నాకి తిప్పాలి. మన ఆపరేటర్లు అది లేకపోతే మైకు పనిచేయట్లేదనుకుంటారు. పాటకి పర్వాలేదు గానీ, జోకులో ఆఖరి మాట ఆ ఎకోలో అలికినట్టైపోతుంది. స్పీకర్లు మనిషికి ముందుండాలి, వెనకుంటే కూత పెడుతుంది. మైకు షూర్ ఎస్ఎమ్58 చాలు, 1966 నుంచీ అదే నడుస్తోంది. నోటికి రెండు మూడు వేళ్ళ దూరం. జాలీ చుట్టూ గుప్పెట మూస్తే మాట మూసుకుపోయి కూత మొదలవుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ముందు వరసలో సోఫాలు వేయొద్దు.

హరిదాసు_చిడతలు: చదువుతుంటే పెళ్ళి కాంట్రాక్టు ఒప్పుకున్నట్టుందండి, షో సంగతి లేదు. మనుషుల్ని హాలుకి రప్పించేది కుర్చీ కాదు, ఎదుటివాడి జవాబు. ఫోన్‌లో ఉన్నవాణ్ణి మీరు ఏమన్నా వాడికి వినపడదు. ఎదురుగా ఉన్నవాడికి వినపడుతుంది, వాడేదో ఒకటి అనాలి, అది అప్పటికప్పుడే పుట్టాలి. ఇది అమెరికా నుంచి దిగిన సరుకేమీ కాదు. అష్టావధానంలో సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి అడిగే పృచ్ఛకుల పక్కనే, అప్రస్తుత ప్రసంగానికని ఒకాయన్ని ప్రత్యేకంగా కూర్చోబెడతారు. ఆయన పనల్లా అవధాని ధ్యాస చెడగొట్టడం. షో మధ్యలో అరిచి అడ్డుపడేవాణ్ణి వీళ్ళు హెక్లర్ అంటున్నారు, వాణ్ణే మనం పీట వేసి కూర్చోబెట్టాం. అవధానాలకి పేరుపడ్డ తిరుపతి వేంకట కవుల్లో ఒకరిది కడియం, ఒకరిది యండగండి, ఇద్దరూ ఈ మట్టివాళ్ళే. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడూ బంగారక్కా మధ్యలో దూరి ఊరి సంగతులు అంటించేది కూడా ఇదే. వాళ్ళకి షామియానా మడతలెక్కడివి?

మైకుసెట్టు: తోలుబొమ్మలాట తెల్లవార్లూ సాగుతుంది, అరగంటకో నవ్వు చాలు. స్టాండప్‌లో నిమిషానికి నాలుగైదు రావాలి. ఆకాశం కింద నవ్వు పైకి పోతుంది, తిరిగి మీ మీద పడదు. సోఫాల గురించి ఒక్క మాటా అనలేదేం?

హరిదాసు_చిడతలు: సోఫాలో కూర్చున్నా నవ్వేవాడు నవ్వుతాడు.

మైకుసెట్టు: నవ్వడు. సోఫా అంటే ఊరి పెద్దలు. ఆయన నవ్వాడో లేదో వెనక 70 మంది చూస్తారు. ఆయన కాలు మీద కాలేసుకుని ఫోన్ చూసుకుంటుంటే ఆ 70 మందీ నవ్వు మింగేస్తారు. పైగా సోఫాకీ మొదటి కుర్చీకీ మధ్య ఎనిమిదడుగులు, శాలువాలు కప్పడానికి. ఆ ఖాళీలో పడిన జోకు మళ్ళీ లేవదు.

లంక_అరటి: జ్యోతి ప్రజ్వలన మర్చిపోయారు. దాని తర్వాత ఇంక ఏ జోకూ వెలగదు.

కాలవ_లాకు: ఇద్దరూ తెలుగు సంగతి వదిలేశారు. హిందీ, ఇంగ్లీషు షోల కొలత మనకి అతకదు. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. నవ్వించే మాట నామం అయితే దాని వెనక ‘అని అన్నాడండి’ తోకలా వేలాడుతుంది. జనం నవ్వబోయేలోపు ఆ తోక వాళ్ళ నోరు మూసేస్తుంది. ఉదాహరణకి:

‘మా పెదనాన్నకి షుగరు. పూతరేకులు లాగించేస్తుంటే ఏంటి పెదనాన్నా ఇదీ అంటే, ఇది స్వీటు కాదు కాగితంరా అని మా పెదనాన్న అన్నాడండి.’ పడదు. కాగితం తర్వాత నాలుగు మాటలున్నాయి.

అదే, ‘డాక్టరు స్వీటు మానేయమన్నాడు కదా పెదనాన్నా అన్నాను. ఏమన్నాడో తెలుసా? స్వీటేంట్రా... కాగితం.’ అన్నాడు అనేదాన్ని ముందుకి జరిపితే కాగితం చివరికొచ్చింది. అక్కడ నోరు మూసుకోవాలి. నవ్వు లేచి, పైకెళ్ళి, మూడో వంతుకి దిగాక తర్వాతి మాట ఎత్తుకోవాలి. ముందే ఎత్తుకుంటే జనం వినడం కోసం నవ్వు ఆపేస్తారు. ఇలా రెండుసార్లు జరిగితే ఇంక నవ్వడం మానేసి వింటూ కూర్చుంటారు. ఆ ఆగడం నేర్చుకోవాలంటే జనం ఉండి తీరాలి. అద్దం ముందు రాదు.

పూతరేకు: ఆత్రేయపురంలో బెల్లం పూతరేకులు కూడా ఉన్నాయండి. డాక్టరు వాటికి ఒప్పుకోవచ్చు.

లంక_అరటి: బెల్లమైనా షుగరే.

పూతరేకు: రేకు మాత్రం బియ్యప్పిండే కదా. పెదనాన్నది న్యాయమైన వాదన.

హరిదాసు_చిడతలు: కాలవ_లాకు గారూ, గోదావరి జిల్లా మాటలో ‘అండీ’ తీసేస్తే ఉప్పు తీసేసినట్టే. మనవాళ్ళ వెటకారం నిలబడేదే దాని మీద. ‘తమరు చాలా గొప్పవారండీ’ అంటే తిట్టు, ‘తమరు చాలా గొప్పవారు’ అంటే సన్మానపత్రం.

కాలవ_లాకు: తీసేయమనలేదు. అక్కడ తిట్టే అండీలో ఉంది కాబట్టి అది చివరే ఉండాలి. పెదనాన్న జోకులో నవ్వు కాగితంలో ఉంది.

మైకుసెట్టు: ఇవన్నీ బాగానే ఉన్నాయి, సోఫాలుంటే రెండూ పడవు.

హరిదాసు_చిడతలు: మళ్ళీ సోఫాలేనా. తమరికి షో అంటే ఫర్నిచరు కొట్టండీ. హాల్లో ఎవరు కూర్చున్నారో చూడరు, ఎలా కూర్చున్నారో చూస్తారు.

మైకుసెట్టు: తమరికి షో అంటే పురాణకాలక్షేపమండీ. ఇప్పుడు పుట్టిన ప్రతిదానికీ మన తాతల పేరు పెడితే సంతోషం, 80 టికెట్లు అమ్మమంటే కనపడరు. లెక్క చెప్పండి. 80 ఇంటూ 299 అంటే 23,920. అందులో హాలు, సౌండు, జనరేటరు, హైదరాబాదు నుంచి ఇద్దరికి గౌతమి రైల్లో రానుపోను, రాజమండ్రి నుంచి కారు, రూము. అమలాపురానికి రైలు లేదు కాబట్టి చూసేవాళ్ళకి కూడా చివరి బస్సు పోకముందే ముగించాలి, అంటే రెండో షో పడదు. మిగిలేది కూసింత. అందుకే వీడియో తీయాలి. ఆ ముక్కలు రీల్స్‌లో తిరిగితేనే తర్వాతి ఊళ్ళో టికెట్లు తెగేది.

హరిదాసు_చిడతలు: ఇదిగో, ఇప్పటికి బయటపడింది. ఏ ముక్కలు పెడతారు? రాసుకున్న జోకులా?

మైకుసెట్టు: అవి పెట్టరు. పాటైతే మళ్ళీ పాడమంటారు, జోకు ఒకసారి విన్నాక చచ్చిపోతుంది. పాతిక ముప్ఫై వేదికల మీద అరగదీసి తయారుచేసిన పది నిమిషాలు నెట్లో పెడితే కాలిపోతాయి. అందుకే జనంతో మాట్లాడిన ముక్కలు పెడతారు. అది ప్రతి ఊళ్ళో కొత్తగా పుడుతుంది.

హరిదాసు_చిడతలు: అంటే తన సరుకు దాచుకుని, ముందు వరసలో టికెట్టు కొన్నవాణ్ణి అమ్ముతాడన్నమాట. ‘ఏం చేస్తారు సార్? రొయ్యల చెరువా? పెళ్ళైందా? ఎన్నాళ్ళైంది?’ హైదరాబాదులో అయితే వాడెవడో ఎవడికీ తెలియదు, హాలు దాటితే మర్చిపోతారు. లైటు ఆర్పి చీకట్లో కూర్చోబెట్టేదే దాని కోసం, ఎవరూ చూడట్లేదన్న ధైర్యంతో నవ్వడానికి. కోనసీమలో చీకటి ఎక్కడిది? మూడో వరసలో వాడి బావమరిది ఉంటాడు. ఒకాయన పెళ్ళాం గురించి అన్న మాట రీలయ్యాక ఆర్నెల్లు వియ్యాలవారింట్లో మాటల్లేవు. అది తమరు చెప్పే తర్వాతి ఊరి టికెట్టు.

మైకుసెట్టు: అదేదో మొదటే చెప్పొచ్చుగా. ఇందాకటి నుంచి తోలుబొమ్మలాటంటూ తిప్పారు. జుట్టుపోలిగాడు ఊరివాళ్ళ మీద వెయ్యలేదా మరి?

హరిదాసు_చిడతలు: వేశాడు. తెల్లారేసరికి తెర విప్పి వెళ్ళిపోయాడు. వాడు వేసింది ఆ ఊరి దగ్గరే ఉండిపోయింది. అప్రస్తుత ప్రసంగి అయితే ఒప్పుకుని, మాట తగులుతుందని తెలిసి కూర్చుంటాడు. ఇక్కడ 299 ఇచ్చినవాణ్ణి ఎవరడిగారు? మీరు కెమెరా ఆన్ చేసిన క్షణం నుంచి ముందు వరసవాడు నోరు విప్పడు, జవాబు పుట్టదు. మీ కుర్చీలు ఎంత దగ్గరగా వేసినా సరే.

కాలవ_లాకు: ఇక్కడ హరిదాసు గారి మాట కొట్టేయలేం. షోకి వచ్చినవాడు అనాలోచితంగా ఒక మాట అంటేనే కదా ఆ ముక్క బాగుండేది. అమెరికాలో యాండర్ అని 2014లో మొదలైన కంపెనీ ఫోన్లకి తాళం పడే సంచులు ఇస్తుంది, బయటికొచ్చాక విప్పుతారు. అది కమెడియన్ జోకులు బయటికి పోకుండా. చూసేవాళ్ళ మాటలు పోకుండా సంచీ ఎవరిస్తారు?

గట్టుమీద_కొబ్బరిచెట్టు: కుర్రాళ్ళకి ఏం చెప్పమంటారు? తేల్చండి.

మైకుసెట్టు: సరే. కెమెరా వెనక నుంచి స్టేజీ వైపే. జనం మీద లైటు పడదు, ఒక్క మొహం కనపడదు. ముందు రెండు వరసల్లో కూర్చుంటే మాట్లాడిస్తామని టికెట్టు మీదే అచ్చువేస్తాం, ఇష్టం లేనివాళ్ళు వెనక్కి వెళ్తారు. నవ్వుల కోసం మాత్రం జనం మీదికి ఒక మైకు వేలాడదీస్తాను. అది లేకపోతే వీడియోలో ఖాళీ హాల్లో మాట్లాడినట్టుంటుంది.

హరిదాసు_చిడతలు: ఆ మైకులో గొంతు పడుతుంది. మనవైపు మొహం అక్కర్లేదు, గొంతు చాలు.

మైకుసెట్టు: మాటలు కోసేస్తానండీ బాబూ. ఒట్టి నవ్వులే ఉంచుతా. నవ్వుని బట్టి కూడా పట్టేస్తారా?

పూతరేకు: మా వీధిలో అయితే నవ్వుని బట్టే పడతారండి.