స్పిన్‌లో వాషింగ్ మిషన్ నడిచొస్తా ఉంది: రాడ్లు మార్చాలా, వొద్దా?

మూడో_అంతస్తు (కొర్లగుంట, తిరుపతి): 7 కేజీల టాప్ లోడ్ (పైనుంచి బట్టలు వేసేది), ఆరేళ్లయింది. పోయిన వారం కొండకు వచ్చిన చుట్టాలు తొమ్మిది మంది దిగినారు. వాళ్లు పోయినాక దుప్పట్లు, పంచెలు, టవళ్లు అన్నీ కుక్కినా. స్పిన్‌కు (బట్టల్లో నీళ్లు పిండేదానికి) రాగానే దడదడ కొట్టుకుంటా బాత్రూం గుమ్మం దాకా నడిచొచ్చింది. మళ్లీ నీళ్లు పట్టుకుంటాది, తిప్పుతాది, కొడతాది, చివరికి ఎర్రర్ చూపించి ఆగిపోతాది. మెకానిక్ వచ్చి నాలుగు సస్పెన్షన్ రాడ్లూ పోయినాయి, 2400 అన్నాడు. ఇచ్చేదా?

తోతాపురి (చిత్తూరు): ఒక్కటే అడుగుతా. చక్రాల స్టాండు మీద ఉండాదా?

మూడో_అంతస్తు: ఉండాది. కింద తుడవడానికి వీలని.

తోతాపురి: అయితే రాడ్లు కాదు, స్టాండే. నాలుగు కాళ్లూ నేలను గట్టిగా తొక్కితేనే మిషన్ నిలబడేది. పైగా బాత్రూం నేల నీళ్లు పోయేదానికి వాలుగా వేసుంటారు. దించి, మిషన్ పైన చదునైన చోట స్టీలు ప్లేటు పెట్టి నీళ్లు పొయ్యి. ఏ పక్కకు చేరితే ఆ పక్క కాలు ఎత్తు, నట్టు బిగించు.

అద్దె_కొంప: మా పైవాళ్ల మిషన్ తిరిగితే మా వంటింట్లో గిన్నెలు మోగుతాయి. దానికేమన్నా మందుందా సామీ?

రెంచి_రేణిగుంట: పదిహేనేళ్లుగా నాది ఇదే పని. టాప్ లోడ్‌లో టబ్బు నాలుగు రాడ్లకు వేలాడతా ఉంటాది. ఒక్కో రాడ్డు కింద స్ప్రింగు, ప్లాస్టిక్ కప్పు, దాంట్లో గ్రీజు. గ్రీజు ఎండి కప్పు అరిగితే ఊగుడు ఆగదు. నిమిషానికి 700 చుట్లు తిరిగేది మరి. మిషన్ ఆపి, ఖాళీ టబ్బును కిందికి నొక్కి వదలండి. ఒకటి రెండుసార్లు ఊగి ఆగితే రాడ్లు బాగున్నట్టు. ఉయ్యాల మాదిరి ఊగతా ఉంటే పోయినట్టు. ఊరికే స్టాండు స్టాండు అంటే ఎట్లా?

అమ్మమ్మ_ఫోన్: నాయనా, దుప్పటి ఒక్కటే వేసినావా? తడిసి ఒక పక్కకు ముద్దయితే కొత్త మిషనయినా కొడతాది. ఆపి, విదిలించి, చుట్టూ సర్దు.

తోతాపురి: పోయినేడు మా ఇంట్లో ఇట్లనే ఒకాయన రాడ్లు మార్చి 2800 తీసుకున్నాడు. వారానికే మళ్లీ నడిచింది. మా బావమరిది స్టాండు పీకేసినాడు, అంతే, నిలబడింది. పాత రాడ్లు ఏవంటే బండిలో పెట్టేసినా అన్నాడు ఆ మహానుభావుడు.

రెంచి_రేణిగుంట: ఒకడు చేసినదానికి అందరినీ దొంగల్ని చేయొద్దన్నా.

తోతాపురి: స్టాండు దించి చూడకుండానే రాడ్లు పోయినాయని ఎట్ల చెప్పినాడు? దీనికి జవాబు చెప్పు.

రెంచి_రేణిగుంట: చెప్తా విను. పోయిన నెల ఎండలో మంగళం దాకా పోయినా. కాలి బోల్టు రెండు చుట్లు తిప్పినా, మిషన్ కదల్లేదు. 300 అడిగితే "బోల్టు తిప్పినందుకు 300 ఆ?" అని 50 చేతిలో పెట్టింది ఆ ఇంటామె. అదే ఒక పార్టు మార్చుంటే 1000 అన్నా నోరెత్తదు. చూసి చెప్పినదానికి మీరు డబ్బియ్యరు, సామాను కంటికి కనపడాల. వాడు మాత్రం ఇంకేం చెప్తాడు?

తోతాపురి: అంటే బాగున్న రాడ్లు కూడా మారుస్తారని నువ్వే ఒప్పుకున్నట్టు.

రెంచి_రేణిగుంట: నేను మార్చలా. ఆ 50 తీసుకోని వచ్చేసినా.

అద్దె_కొంప: మా గిన్నెల సంగతి?

మూడో_అంతస్తు: స్టాండు దించినా. ప్లేటులో నీళ్లు ఎడమ మూలకు పోయినాయి, ఆ కాలు ఎత్తినా. సగం బట్టలతో వేస్తే నడవలా గానీ గడగడ ఉండాది. టబ్బు నొక్కి వదిల్తే ఆరుసార్లు ఊగింది. ఆ మెకానిక్‌నే పిలుస్తా, పాత రాడ్లు నా చేతికియ్యమని చెప్పి. రెంచన్నా, కాళ్లు కూడా సరిచేసి ఇస్తే పైన ఎంతియ్యాల?

రెంచి_రేణిగుంట: 200 ఇయ్యి. అడక్కముందే ఇయ్యి.

తోతాపురి: ఆ స్టాండు మాత్రం ఎవరికీ అమ్మొద్దు. పూలకుండీ పెట్టుకో.