క్లాసుకి రాని పిల్లల చేత సర్వే ఫారం నింపించేదెలా?

గుంటూరు, విజయవాడ కాలేజీల్లో బీటెక్ మొదటి ఏడాది పిల్లల చదువు అలవాట్ల మీద సర్వే ఇది. ఇంటర్లో స్టడీ అవర్లో కూర్చోబెడితే చదివినవాళ్లు, ఇక్కడ అడిగేవాళ్లు లేక మిడ్ పరీక్ష ముందు రాత్రే పుస్తకం తెరుస్తున్నారు. కారణం పాత అలవాటా, తెనాలి నుంచి రోజూ బస్సు ప్రయాణమా, రూములో ఫోనా?

"రోజుకి ఎన్ని గంటలు చదువుతావు?" అంటే పెంచి చెబుతారు. అందుకే "నిన్న సాయంత్రం 6 నుంచి 10 దాకా ఏం చేశావు?" అని అరగంటకో గడి ఇచ్చాం.

అసలు చిక్కు వేరే. ఫారాలు క్లాసులో పంచితే వచ్చినవాళ్లే నింపుతారు, కావాల్సిందేమో రానివాళ్లు. హాజరు అంకెల్నీ పూర్తిగా నమ్మలేం, 75 శాతం నిబంధన ఉంటే చాలామంది ఆ గీత దాకా వచ్చి ఆగుతారు.

హాల్ టికెట్లిచ్చే రోజు పంచితే ఎక్కువమంది దొరుకుతారా? పరీక్ష భయంతో జవాబులు మారిపోతాయా? ఇలాంటి సర్వే చేసినవాళ్లు దయచేసి చెప్పండి.