సమస్య: తడియలేదు జింక తాను మునిఁగి

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చా. ఆఫ్రికా అడవుల్లో డైకర్లనే చిట్టి జింకలుంటాయి, వాటిలో అన్నదమ్ముల్లాంటి మాక్స్‌వెల్ డైకర్, నీలి డైకర్ మీదే పూరించాలి, శకుంతల లేడిపిల్లని తీసుకురావద్దు ప్లీజ్.

గోదారి గట్టు:
డచ్చి భాషలోన డైకరన్న మునుగు
నట్టిదనుచు వింటి, నరునిఁ గాంచి
పొదలలోన దూకె భూరి వేగముతోడఁ
దడియలేదు జింక తాను మునిఁగి

నిర్వాహకుడు: భలే, పేరులోనే విరుపు దొరికింది మీకు. కానీ రెండు జింకలేవండీ, ఒకటే ఉంది.

పద్యాల పిచ్చి: నాది చూడండి, రెండూ ఉన్నాయ్.
ఏటి పడమరంచు నేలు మాక్సువెలుఁడు
తూర్పు గట్టు నీలి దుప్పి సొమ్ము
నడుమ నీరు దాఁటి నడువ దొక్కటియును
తడియలేదు జింక తాను మునిఁగి

గోదారి గట్టు: ఏరంటే నైజీరియాలో క్రాస్ నదేగా, బాగుంది. కానీ మునిగిందెక్కడ? దాటనే లేదన్నారు, మరి మునగడమేంటి, సమస్య అలాగే ఉండిపోయింది. పైగా దుప్పి కొమ్ములు ఏటా రాలతాయి, వీటివి రాలవు, ఇది దుప్పి కాదు.

పద్యాల పిచ్చి: తూర్పుకి యతి కుదరాలిగా, అందుకే దుప్పి అయింది 😀

అడవి రాముడు: ఇంకోటి, పడమరంతా మాక్స్‌వెల్‌దే అంటే ఒప్పుకోను, టోగో, బెనిన్ వైపు మూడోది వాల్టర్ డైకర్ అని 2010లో తేల్చారు. సైజు కూడా ఎవరూ ముట్టుకోలేదు, నీలిది నాలుగైదు కేజీలుంటే మాక్స్‌వెల్ ఎనిమిది తొమ్మిది దాకా తూగుతుంది. అన్నట్టు అక్కడే నిజంగా నీళ్లలో మునిగి దాక్కునేది నీటి మూషిక జింక, దానికి మునిగేది అని పేరు పెట్టలేదు చూడండి, మన అమ్రాబాద్ అడవిలో వదిలిన మూషిక జింకలకి అది చుట్టమే.

కొత్త మెంబర్: నా మొదటి పూరణ, తిట్టొద్దు.
కోతి తినుచు రాల్చి కొమ్మ నుండి ఫలము
క్రింద నున్న జింక కిచ్చె విందు
పండుటాకులందుఁ బడిన పండ్లు వెదకి
తడియలేదు జింక తాను మునిఁగి

నిర్వాహకుడు: కోతుల వెనకాలే తిరిగి రాలిన పళ్లు ఏరుకోవడం డైకర్ల అలవాటే, ఈ వారం నాకు నచ్చింది ఇదే.

గోదారి గట్టు: వానాడవిలో ఆకులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి కదండీ, తడవకుండా ఎలా?

కొత్త మెంబర్: నాది మాక్స్‌వెల్ అండీ, ఘానాది, అక్కడ జనవరిలో హర్మటాన్ పొడిగాలికి ఆకులు కరకరలాడతాయి.

గోదారి గట్టు: అయితే ఎండుటాకులందు అనండి మరి.

కొత్త మెంబర్: అంటే యతి పోద్ది బాబూ